చెయ్యి తియ్యకు

"మంచిర్యాల దిక్కు తిప్పితే హైదరాబాదు ఎట్ల దొరుకుతదన్నా?" రాజం గడపలో నిలబడి డాబా మీదికి కేకేశాడు.

నీళ్ల పైపుకు కట్టిన యాంటెనాను యిర్మియా మెల్లగా ఇటు మళ్లించాడు. లోపల టీవీలో చుక్కలు తప్ప ఏమీ లేవు. డెబ్బై తొమ్మిదిలో గోదావరిఖనిలోని ఆ కాలనీకంతా అదొక్కటే టీవీ. హైదరాబాదు బొమ్మ గాలి కుదిరిన సాయంత్రాల్లోనే వచ్చేది, వచ్చినా నిలిచేది కాదు. మామూలు రోజైతే రాజం పెట్టె తలుపులు మూసి పడుకునేవాడే. కానీ ఈరోజు ముందు వరసలో అవ్వ కూర్చుంది.

అవ్వ కొడుకంటే ఆ కాలనీలో అందరికీ గౌరవం. పోయిన వానకాలం బొగ్గుబావిలో కప్పు కూలుతుంటే, తోటివాళ్లంతా బయటపడేదాకా దుంగకు భుజం ఆనించి కదలకుండా నిలబడ్డాడు. అలా బతికినవాళ్లలో రాజం ఒకడు. వారం కింద హైదరాబాదులో మంత్రి ఆ కొడుక్కి పతకం వేశాడు. ఆ బొమ్మ ఈ సాయంత్రం వార్తల్లో చూపిస్తారట.

"నా కొడుకు మెడల బిళ్ల ఏస్తుంటే ఒక్కసారి కండ్లార చూడాలె బిడ్డా," అంది అవ్వ.

"ఫికర్ చెయ్యకవ్వా. చూపిస్త."

జనం గోలలో కేకలు పైకి వినబడటంలేదు. రాజం ఇత్తడి పళ్లెం, గరిటె తెచ్చాడు. బావిలో బొగ్గు టబ్బుల్ని లాగే హాలేజీ గంటల లెక్కే పెట్టుకున్నారు. రెండు కొడితే ఇటు, మూడు కొడితే అటు, ఒకటి కొడితే ఆపు.

రెండు. మూడు. మళ్లీ రెండు. చటుక్కున ఓ మొహం తేలింది. రాజం సంబరంగా ఒకటి కొట్టాడు. బొమ్మ పోయింది. మళ్లీ దొరికింది, ఒకటి కొట్టాడు, మళ్లీ పోయింది. బూస్టర్ చూశాడు, వైరు చూశాడు, ఏ లోపమూ లేదు. విసిగి డాబా ఎక్కితే సంగతి తెలిసింది. యిర్మియా హాలేజీ నడిపే మనిషి. ఒక గంట వినగానే అలవాటుకొద్దీ చేతులు తీసేస్తున్నాడు. ఆ చెయ్యి పైపు మీద ఉన్నంతసేపే బొమ్మ ఉంటోంది.

తాడు కట్టారు, రాయి ఆనించారు. లాభం లేకపోయింది.

"నువ్వు దిగన్నా, నేను పట్టుకుంట," అన్నాడు రాజం. అతను పొట్టి. చెయ్యి ఆ ఎత్తుకు అందలేదు.

యిర్మియా నవ్వాడు. "నువ్వే పోయి అవ్వ పక్కన కూసో. జల్ది పో, వార్తలు షురువైతయి."

"గంట కొట్టినా చెయ్యి తియ్యకు మరి."

కిందికి రాగానే అవ్వ అడిగింది. "పైనున్నోన్ని గూడ పిలువు బిడ్డా, జర చూస్తడు."

"దిగితే బొమ్మ పోతదవ్వా."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని తెరకేసి చూసింది.

బొమ్మ వచ్చింది, నిలిచింది. ఓ పొడుగాటి మనిషి మంత్రికి అందేలా తల వంచాడు. మెడలో పతకం పడింది. అవ్వ లేచి వెళ్లి ఆ గాజు మీద అరచెయ్యి పెట్టింది. ఇలాంటి మనిషి పక్కన బతకడమే అదృష్టమనుకున్నాడు రాజం. ఇల్లంతా చప్పట్లు కొట్టింది.

వార్త మారింది. రాజం వాకిట్లోకి వెళ్లి, ఇక చాలని పళ్లెం మీద ఒకటి కొట్టాడు. వెనకే అవ్వ కూడా వచ్చి తలెత్తి చూసింది. యిర్మియా పైపు వదిలి, డాబా అంచు మీదినుంచి వంగి అడిగాడు.

"అవ్వా, నేను కనబడ్డనా?"