చెయ్యి ఊపిన వీడియో

హాజర్ తమ్ముడు నౌఫల్ మహదియా రేవులో పడవెక్కి తిరిగి రాలేదు. ఏడాదైంది. ఆ రోజు వాడు చెయ్యి ఊపుతుంటే ఆమె ఫోన్లో తీసిన వీడియో ఆగి ఆగి నడుస్తుంది. సాఫీగా చూడాలన్న అమ్మ పోరు పడలేక ఈ రాత్రి దాన్ని ఇంట్లో కంప్యూటర్‌కి ఇచ్చింది. బొమ్మకీ బొమ్మకీ మధ్య లేని బొమ్మల్ని అదే కల్పించి నింపుతుంది.

ఇప్పుడు పడవ నీళ్ళ మీద మెత్తగా జారింది. నౌఫల్ మాత్రం వీడ్కోలుగా చెయ్యి ఊపడం లేదు. వేళ్ళు లోపలికి ముడుస్తూ రమ్మంటున్నాడు.

హాజర్ వీడియో ఆపేసింది. "ఇవి కంప్యూటర్ వేసిన బొమ్మలమ్మా. వాడు కాదు."

తిరిగి చూస్తే, వెనక కుర్చీలో కూర్చున్న అమ్మ అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది.

"ఇంత రాత్రప్పుడు ఎక్కడికమ్మా?"

"ఏడాదిగా పిలుస్తున్నాడే పిచ్చిదానా, మనకే కనబళ్ళేదు," అంటూ అమ్మ గడియ తీసింది.