గుడ్డు పగలని బండి

"ఇందులో గుడ్డు పగలదండీ. కావాలంటే ఒక ట్రే పెట్టి మీరే నడిపి చూడండి" అంది ఫెయిత్.

బ్రహ్మచారి నవ్వలేదు. అరవై దాటిన మనిషి. చంకలో గుడ్డసంచి. వడ్రంగి పని చేస్తానని, బీరువాలు, మంచాలు మోయడానికి పికప్ బండి కావాలని ఫోన్‌లో చెప్పాడు. ప్రకటన చూసి కుషాయిగూడ నుంచి బస్సెక్కి లాలాగూడ వచ్చాడు. వచ్చినప్పటి నుంచి బండి చుట్టూ తిరగడమే గానీ ధర మాట ఎత్తడం లేదు.

ఫెయిత్ మాటిమాటికీ ఫోన్‌లో టైము చూసుకుంటోంది. సాయంత్రం నాలుగింటికి బ్రోకర్ సత్యదేవ్ వస్తాడు. మూడున్నర లక్షలిచ్చి తోలుకుపోతాడు. ఆమె భర్త ఎరిక్ సరేననేశాడు కూడా. "ఎంతొస్తే అంతకి ఇచ్చెయ్. ముందు నా కళ్లెదుట నుంచి పోనీ" అన్నాడు నిన్న. నడుం నొప్పని ఫిబ్రవరి నుంచి అతను స్టీరింగ్ ముట్టుకోలేదు. బేగంపేటలో ఒక హోటల్ స్టోర్‌లో చేరాడు. ఆ జీతం ఇంటద్దెకీ పాలకీ సరి.

బండి నాలుగున్నర లక్షలకి పోతే వీధి చివర గదికి అడ్వాన్సు కట్టి కర్రీ పాయింట్ పెట్టుకోవచ్చు. ఆ లక్ష కోసమే ఫెయిత్ ఆరాటం.

"ఇటు రండి బాబాయ్ గారూ" అంటూ పాపను ఒక చేత్తో పట్టుకుని వెనక తలుపు తీసింది. "ఈ అరలన్నీ మా ఆయన దగ్గరుండి చేయించారు. ప్రతి అరకీ రబ్బరు. కింద కూడా రబ్బరే. కమాన్ స్ప్రింగులు మెత్తగా సెట్ చేయించారు, గుంతలో పడ్డా తెలీదు. ఆరేళ్లు గుడ్లు తోలాం. ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు బండి కడగాలి, తర్వాతే అన్నం!"

"మంచిగనే కడిగిండు" అన్నాడు బ్రహ్మచారి. ముందుకు నడిచి, వంగి, లైటు కింద వేలితో రాసి చూశాడు. "గీడ ఒక్కకాడనే కొత్త రంగేంది?"

వంకలు పెట్టడం మొదలెట్టాడు అనుకుంది ఫెయిత్.

"ఎండకి వెలిసిందని వేయించారండీ."

"ఎనక ఎండ తగల్లేదా?"

"భలేవారే! ఎవరైనా ముందు మొహమే కదా చూసేది?"

"ఈ బోల్టుల రంధ్రాలేంది? ముంగట బంపర్ గార్డు గిట్ల ఉండెనా?"

"ఉండేది. ఇనపది, ఇంత లావుది. పోలీసులు ఫైన్ రాస్తున్నారని తీసేశారు."

"ఏ రంగుది?"

"ఎర్రది." ఫెయిత్‌కి నవ్వొచ్చింది. "లేని గార్డుకి రంగెందుకు బాబాయ్ గారూ? దానికి కూడా ధర తగ్గిస్తారా ఏంటి?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పాప డోరా ఆయన సంచి పట్టుకుని లాగింది.

"ఎన్నేండ్లు?"

"జూన్‌కి నాలుగు నిండుతాయి."

పాప తల మీద పెట్టబోయిన చెయ్యి సగంలోనే వెనక్కి తీసుకున్నాడు. పిల్లలంటే చిరాకేమోనని ఫెయిత్ పాపను ఇవతలికి లాక్కుంది.

"ఎంతంటవు బిడ్డా?"

"నాలుగున్నర."

"సరే."

ఫెయిత్‌కి సంతోషం బదులు భయం వేసింది. బేరమాడకుండా సరే అన్నవాళ్లు ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

"నిజంగా తీసుకుంటారా?"

"తీసుకుంట. గని నాకు నమ్మకం గావాలె. ఇప్పటికి పదహారు బండ్లు చూసిన. ఒక్కడు సుత సక్కగ చెప్పలే."

ఆ మాటకి ఆమెకి పౌరుషం వచ్చింది. గబగబా లోపలికెళ్లి అటక మీది డబ్బాలోంచి ఒక నోటుబుక్ తెచ్చింది. చదువు ఎనిమిదిలోనే ఆగిపోయినా రాయడం మానలేదు తను. బండికి ఏం చేయించినా ఆ రోజే తేదీ వేసి రాసేది. ఆయిల్ మార్చినా, టైరు మార్చినా, చిన్న బల్బు వేసినా. ఎరిక్ ఏనాడూ ఆ పుస్తకం తెరిచి చూసిన పాపాన పోలేదు.

"చదువుకోండి. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా బండి ఊరికే తోలుకుపోండి."

బ్రహ్మచారి మెట్టు మీద కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఫిబ్రవరి దగ్గర ఆగాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"పన్నెండో తారీకు. ఎడమ లైటు పగిలింది, మార్చారు. గార్డు తీసేశారు. ముందు రంగు వేశారు." తలెత్తాడు. "మూడూ ఒక్కనాడేనా?"

"అవునండీ. ముందురోజు లోడు దింపుతుంటే గోడకి తగిలిందంట. ఎలాగూ షెడ్డుకి వెళ్లాం కదా అని అన్నీ ఒకేసారి చేయించేశారు. చూశారా, అది కూడా దాచలేదు నేను."

"దాచలే" అన్నాడాయన.

పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. బండితో పాటు పుస్తకం కూడా తనదే అనుకున్నాడు కాబోలు అనుకుంది ఫెయిత్. మనసులో అప్పుడే కర్రీ పాయింట్‌కి బోర్డు కూడా రాయించేసింది.

"మా ఆయన్ని రమ్మంటాను బాబాయ్ గారూ. సంతకాలు పెట్టేస్తారు."

"పిలువు. జెర పాపను లోపల కూసోబెట్టు బిడ్డా."

పాపను లోపల కూర్చోబెట్టి, గుమ్మంలో నిలబడి ఎరిక్‌కి ఫోన్ చేసింది.

"ఏమండీ, నాలుగున్నరకి అమ్మేశా! నా పుస్తకం చూడగానే ఒప్పేసుకున్నారు."

"ఏ పుస్తకం?" అన్నాడు ఎరిక్.

ఆమె జవాబు చెప్పేలోపే, మెట్టు మీద బ్రహ్మచారి తన ఫోన్ చెవికి ఆనించుకుని, "ఎస్సై సార్, ఫిబ్రవరి పదకొండు నాడు సైనిక్‌పురిల మా మనుమరాలిని గుద్ది ఆపకుండ పోయిన ఎర్ర గార్డు బండి దొరికింది, తారీకుతో సహా ఆళ్లే రాసి పెట్టుకున్నరు" అన్నాడు.