మూడు సెకన్ల నిజం

“ఇంకా ఏం చూస్తున్నావమ్మా? ‘నిజం’ అని తేలిపోయింది కదా, సంతకం పడెయ్. కొత్త వార్డు బయట ఇరవై మంది రోగులు మంచాల మీద కాచుకుని ఉన్నారు” అన్నాడు మేనేజరు.

అనుమానాలమ్మ పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టేసింది. ఆఫీసులో ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే కబుర్లలో ఎక్కడ తేడా వస్తుందో తర్కంతో తేల్చడం ఆమె ఉద్యోగం.

ఈ కొత్త వార్డులో ఉన్న కంప్యూటర్లు రెండే. పైకప్పులోది పొగను పసిగట్టి కబురు పంపాలి. తలుపుల దగ్గరది ఆ కబురు అందుకుని, మామూలప్పుడు నర్సు కార్డుకే తెరుచుకునే తాళాలన్నీ తీసెయ్యాలి. “పొగ కబురు అందిన ప్రతిసారీ తలుపులు తెరుచుకుంటాయి” అన్న వాక్యాన్ని, జరగడానికి వీలున్న అన్ని దారుల్లోనూ తన కంప్యూటర్‌లో పరీక్షకు పెట్టిందామె. మూడు సెకన్లలో ‘నిజం’ అని వచ్చింది.

“నిన్న ఒక్క తాళానికే నలభై నిమిషాలు పట్టింది సార్. ఇదేంటి, మరీ మూడు సెకన్లు?”

“ఆలస్యమైతే నస, తొందరగా అయితే అనుమానం! నీతో ఎలా వేగేది తల్లీ?”

ఆమె కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. ఉన్నట్టుండి వాక్యాన్ని తిరగేసి టైపు చేసింది: “పొగ కబురు అందిన ప్రతిసారీ తలుపులు మూసుకునే ఉంటాయి.”

మూడు సెకన్లు. ‘నిజం.’

మేనేజరు పకపకా నవ్వాడు. “నీ కంప్యూటర్‌కి మతి పోయింది!”

“లేదు సార్. ఒక్కసారైనా కబురు అందితేగా, రెండింట్లో ఒకటి అబద్ధమయ్యేది?” ఆమె మూడో వాక్యం కొట్టింది: “పొగ కబురు అందే దారి ఒక్కటైనా ఉంది.”

‘అబద్ధం.’

తలుపులది “నేను సిద్ధం” అంటేగానీ పైది కబురు పంపదు. పైది పలకరిస్తేగానీ ఇది “సిద్ధం” అనదు. గుమ్మం ముందు “ముందు మీరు”, “అబ్బే, మీరే ముందు” అనుకునే వియ్యంకుల్లా రెండూ ఆగిపోయి ఉన్నాయి.

“అమ్మయ్య, సంతకం పెట్టలేదు!” ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. “రోగుల్ని బయటే ఉంచమనండి సార్. నిప్పంటుకున్నా ఆ తాళాలు ఊడవు.”

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

“బయటెక్కడున్నారమ్మా? నిన్ను తొందరపెట్టడానికి అలా అన్నాను. ఎలాగూ సంతకం పెడతావు కదాని, నిన్న పొద్దున్నే అందర్నీ లోపల పడుకోబెట్టేశాం.”