తలింగా దీవికి పడవ

“మూడు రోజులు. నువ్వూ నేనూ. అంతే!” అంది లిగాయా, దుప్పటి మడతపెడుతూ.

“మామిడి నీడలో ఊయల,” అన్నాడు క్రిస్పిన్.

“పొద్దున్నే పిట్టల కూతలు. వెనకాల వాగు చప్పుడు.”

“మధ్యాహ్నం నిద్ర! లేపడానికి ఒక్క పురుగు కూడా ఉండకూడదు.”

ఆనందం పట్టలేక లిగాయా భర్త వీపు మీద ఒక్కటిచ్చింది. పెళ్ళయి ఆరేళ్ళు. ఇంట్లో ఇరవై మంది. ఈ ఆరేళ్ళలో ఆ మొగుడూ పెళ్ళాం కలిసి ఒక్క మధ్యాహ్నం కూడా కునుకు తీయలేదు. నడుం వాల్చారంటే చాలు, ఉప్పు ఎక్కడుందని ఒకరు, చెప్పు కనిపించడం లేదని ఇంకొకరు, వీటన్నిటి మీదా బదోంగ్ బాబాయ్ కరవోకే పాట. మనిషి మంచివాడే, గొంతే మంచిది కాదు. ఈ ఏప్రిల్ సెలవుల్లో మూడంటే మూడు రోజులు చెట్టూ చేమా చూస్తూ, ఎవరికీ జవాబు చెప్పకుండా గడపకపోతే పిచ్చెక్కడం ఖాయమని ఇద్దరూ తేల్చుకున్నారు.

కానీ అది వెదురు తడికల ఇల్లు. గుసగుసలాడినా పక్క గదికి వినబడుతుంది.

“ఎక్కడికిరా ప్రయాణం?” తడిక అవతల నుంచి బాబాయ్ గొంతు రానే వచ్చింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“తలింగా దీవికి బాబాయ్,” అన్నాడు క్రిస్పిన్. “శుక్రవారం పడవ. వెళ్తే మళ్ళీ సోమవారం దాకా తిరుగు పడవ లేదు.”

“భలే! నా కరవోకే పెట్టె పడుతుందా?”

“పడుతుందిలే.”

ఇక చెప్పాలా! ఆ ఊళ్ళో ఒకరు ప్రయాణమంటే ఇల్లంతా ప్రయాణమే. సాయంత్రానికి బాబాయ్ పెళ్ళాం, పిల్లలు నలుగురూ చేరారు. రాత్రి అన్నాల దగ్గర అత్తలు ముగ్గురు చేరారు. మర్నాటికి, పడవలోకి అడోబో కూర ఏ కుండలో వండాలన్న దాని మీద మామిడి చెట్టు కింద పోట్లాట కూడా మొదలైంది.

పొరుగింటి రొసింగ్ గోడ మీద నుంచి చూసి పడీపడీ నవ్వింది. “ఇది విహారమా, ఊరేగింపా! మీరిద్దరే పోదామనుకున్నారట కదా పాపం. ఒక్కరికైనా వద్దని చెప్పలేవుటే?”

“ఎలా చెప్పను వదినా? అందరూ మనవాళ్ళేనాయె,” అంది లిగాయా. రొసింగ్‌కి ఆ పిల్లని చూస్తే జాలేసింది.

ఒక్క మనిషి మాత్రం మొండికేసింది. క్రిస్పిన్ తల్లి పాసింగ్.

“నేను రాను. వాగొడ్డున ఉన్న పందికి మేత ఎవరు వేస్తారు? ఇంటిపట్టున ఒకరుండాలి. మీరు పోయిరండి.”

లిగాయా పరుగున వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

“పందికి రొసింగ్ వదిన మేత వేస్తుంది అత్తయ్యా. ఇప్పుడే అడిగొస్తాను. మీరు లేకపోతే అవేం సెలవులు? మీరు రానంటే మొత్తం ప్రయాణమే మానేస్తాం!”

“నా మోకాళ్ళే...”

“ఉప్పునీళ్ళకి ఇట్టే తగ్గుతాయమ్మా,” అన్నాడు క్రిస్పిన్. “కావాలంటే నేనే ఎత్తుకుని పడవలో కూర్చోబెడతా!”

పాసింగ్ మెత్తబడింది. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుందని ఆ రోజంతా వీధిలో చెప్పుకు తిరిగింది.

శుక్రవారం పొద్దున రేవు కిక్కిరిసిపోయింది. బియ్యం మూట, చాపలు, కుండలు, కరవోకే పెట్టె అన్నీ ఎక్కాయి. రేవు అధికారి పట్టిక చేతబట్టుకుని పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే ఎక్కారు.

“పద్దెనిమిది. సరిపోయింది. పడవ తీయండి!”

“మరి మేము?” అంది లిగాయా.

“పట్టికలో మీ పేర్లు లేవమ్మా. పేరు లేకుండా ఎక్కనివ్వను. అయినా ఈ పడవకి పద్దెనిమిది మందే లెక్క.”

పడవలోని వాళ్ళంతా క్రిస్పిన్ వైపు చూశారు. అతను తల పట్టుకున్నాడు.

“పెద్దవాళ్ళతో మొదలుపెట్టి రాసుకుంటూ వచ్చాను. మా పేర్లు చివర్లో రాద్దామనుకున్నా. కాగితంలో గళ్ళు అయిపోయాయి!”

ఎవరూ తప్పు పట్టలేదు. పెద్దవాళ్ళని కాదని తన పేరు ముందు రాసుకునే మనిషి ఆ ఇంట్లోనే లేడు.

“అయ్యో, అసలు ఈ ప్రయాణం అనుకున్నదే వీళ్ళు!” పాసింగ్ లబలబలాడింది. “నేను దిగుతాను. నువ్వెక్కవే తల్లీ!” ఒక కాలు బయట పెట్టేసింది కూడా.

“వద్దత్తయ్యా! దిగారంటే నా మీద ఒట్టే!” లిగాయా ఒక్క గెంతులో వెళ్ళి, ఆవిడని కూర్చోబెట్టి, కదలకుండా అడోబో కుండ ఒళ్ళో పెట్టింది.

“పోనీ నేను దిగనా?” అన్నాడు బదోంగ్.

“కరవోకే ఎవరు పాడతారు బాబాయ్?” అన్నాడు క్రిస్పిన్. బాబాయ్ మళ్ళీ చతికిలబడి కరవోకే పెట్టె దగ్గరకి లాక్కున్నాడు.

పడవ కదిలింది. పద్దెనిమిది మందీ కళ్ళనీళ్ళు పెట్టుకుని చేతులూపారు. రేవులో వీళ్ళిద్దరూ ముక్కులు ఎగబీలుస్తూ చేతులూపారు. బాబాయ్ వీళ్ళ కోసమని ఒక వీడ్కోలు పాట ఎత్తుకున్నాడు. చివరికి అదీ వినబడకుండా పోయింది.

రేవు అధికారికి మనసు కరిగిపోయింది. “చేపల పడవ ఏదైనా అటు పోతుందేమో కనుక్కోనా?”

“వద్దొద్దు!” అన్నారిద్దరూ ఒక్కసారే.

అతను అటు తిరగగానే లిగాయా కళ్ళు తుడుచుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది.

“పద, ఇంట్లో ఎవ్వరూ లేరు!”