వృథాలో వట్రసుడి

ఆ డిజైన్ కాలేజీలో ప్రతి విద్యార్థి మణికట్టుకూ కాలమిత్ర అనే ఒక చిన్న మిషను ఉండేది. ఏ ప్రాజెక్టుకు ఎంతసేపు వెచ్చించాలో అదే చెప్పేది. టర్ము చివర ఆత్మపరిశీలన కూడా అదే రాసి గోడ తెర మీద వేసేది. విద్యార్థి దాన్ని పైకి చదివితే పాసైనట్టే.

మేదిని వంతు వచ్చింది. "కృష్ణవేణి టిఫిన్స్ బోర్డులో 'కృ'కున్న ఒక్క వట్రసుడి గీయడానికి నాలుగు రోజులు వృథా చేశాను" అని తెర మీద పడింది.

"చదివెయ్యమ్మా, ఓ పనైపోతుంది," అన్నారు లెక్చరర్ పద్మరాజు.

"చదవను సార్."

"మిషను చిటికెలో గీసి పడేస్తుంటే ఒక్క సుడికి నాలుగు రోజులేంటమ్మా?"

మేదిని లేచి వెళ్లి, తెర మీది 'వృథా'పై వేలు పెట్టింది. "ఇదీ చిటికెలో గీసిందే కదండీ. ఈ వట్రసుడి చూడండి, తొక్కిన వానపాములా లేదూ?"

క్లాసంతా గొల్లుమంది. పద్మరాజు మాత్రం నవ్వలేదు. "ఫెయిలవుతావు," అన్నారు.

"అవనివ్వండి సార్. నన్ను తిట్టడానికైనా దానికి అక్షరం సరిగ్గా రావాలి కదా!"

మేదిని కాలమిత్రను విప్పి బల్ల మీద పడేసింది. తెల్ల కాగితం పరిచి, పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది.

"ముందు ఈ వృథాని సక్రమంగా గీస్తాను. దీనికో వారం పడుతుంది."