రెండు వాట్ల సామ్రాజ్యం

యాత్రికుల చెవులకు ఆయా చోటి పర్యాటక రేడియో తప్ప మరో మాట చేరరాదని చట్టం వెలసి, ప్రతివారి చెవుల్లో రేడియో బిరడాలు బిగించిన కాలమది. గెడ్డవలస జలపాతం ఒడ్డున రెండు వాట్ల రేడియోకు లైసెన్సు పొందిన కనకాలమ్మ, ఆ రెండు వాట్ల సామ్రాజ్యానికి ఏకైక సామ్రాజ్ఞి.

ఆ ఉదయం ఎగువన చెరువుగట్టు తెగింది. కింద వందమంది స్నానాలాడుతున్నారు.

"వరదొస్తంది, పైకి పరిగెత్తండి!" అని ఆమె అరవబోగా, తొలి మాటకే రేడియో పెట్టె ఆమె గొంతు నొక్కి, "ఇది పర్యాటక సమాచారం కాదు, మరోసారి పలికితే లైసెన్సు రద్దు" అని సవినయంగా మనవి చేసుకుంది.

"ఏటి సూస్తన్నావు వదినా? నీరు మలుపుకాడికొచ్చేసింది!" అన్నాడు మరిది పైడినాయుడు రేడియో గది గుమ్మంలోంచి తొంగిచూస్తూ.

కనకాలమ్మ గొంతు సవరించుకుంది. "యాత్రికులకు విజ్ఞప్తి. కొండమీది అమ్మవారి సన్నిధిలో, ఈ పది నిమిషాలు మాత్రమే, ఉచిత పులిహోర!"

పెట్టె కిమ్మనలేదు. జనం తడిబట్టలతోనే మెట్లెక్కసాగారు.

అయితే ప్రకటన ముగియగానే పెట్టె తనంతట తాను "మా జలపాతంలో స్నానమాడి పునీతులు కండి" అని పలకడం లైసెన్సులో ఏడో షరతు. పెట్టెను ఆపే మీట రాజధానిలో ఉంది. ఆమె నోరు ఆగితే జనం వెనక్కి దిగుతారు. అందుచేత ఆమె ఆగలేదు. చింతపండు నానబెట్టడం మొదలుకొని ఆ పులిహోర మహిమను వర్ణించసాగింది.

"లేసి వొచ్చీ వదినా, గుమ్మంలోకి నీరొచ్చేసింది!"

మెట్ల మీద ముసలివాళ్లు ఇంకా సగం దూరంలోనే ఉన్నారు. నీరు మోకాళ్లకు తగులుతుండగా, పోపు వేగేటప్పుడు మాత్రం ఎవరూ తొందరపడరాదని కనకాలమ్మ నిదానంగా వివరిస్తోంది.