పన్నునొప్పీ మేనమామలూ

“మీకు మేనమామలు ఎంతమంది మాస్టారూ?” అని అడిగాడు పళ్ళ డాక్టరు ప్రేమదాసు.

దవడ పట్టుకుని కుర్చీలో మూలుగుతున్న కృపారావు ఉలిక్కిపడ్డాడు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా బస్సులో కుదుపులు తింటూ వచ్చింది పన్ను చూపించుకోవడానికి. కాస్త తెగితే చాలు, అతని రక్తం గడ్డకట్టదు, రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. తల్లి పుట్టింటి నుంచి వచ్చిన జబ్బు. ఆ మాట ముందే చెప్పి, పీకకుండా మందిమ్మని అడగాలనుకున్నాడు.

కానీ దూది పళ్ళెం పట్టుకుని డాక్టరుగారి అమ్మాయి దేవమణి వచ్చి నిలబడింది. ఆమెను చూడగానే కృపారావుకు నొప్పి సగం పోయింది. పైగా ఈ మేనమామల ఆరా ఒకటి! పెళ్ళికి కాకపోతే ఇంకెందుకు?

“ఇద్దరండీ,” అన్నాడు సర్దుకు కూర్చుని.

“క్షేమమేనా?”

“పెద్దాయన పోయాడండి.”

“అయ్యో! ఏం జబ్బు?”

ఆయన పోయింది గోరు తీసుకుంటూ వేలు కోసుకుని. ఆ మాట చెబితే సంబంధం గల్లంతే.

“జబ్బేం లేదండి. మునేరు వరదలో కొట్టుకుపోయాడు.”

“మరి చిన్నాయన?”

“కుస్తీలు పడతాడండి!” నిజానికి చిన్నాయన దోమ కుడుతుందనే భయంతో దోమతెర దాటి బయటికి రాడు.

“ఆ గడ్డమేంటి మరి?”

మంగలి కత్తంటే వణుకు. “ఫ్యాషనండి!”

దేవమణి ముసిముసిగా నవ్వింది.

“ఒంట్లో ఏ లోపమూ లేదు కదా?”

“ఉక్కుముక్కనండీ!” అంటూ రొమ్ము చరుచుకోబోయి, కమిలిపోతుందని గుర్తొచ్చి చొక్కా సర్దుకున్నాడు.

“చాలా సంతోషం. ఇక పన్ను సంగతి చూద్దాం,” అంటూ డాక్టరు పట్టకారు అందుకున్నాడు.

కృపారావుకు అప్పుడు వెలిగింది. ఇదా సంగతి! పీకే ముందు రక్తం గుట్టు తెలుసుకోవడానికా ఇన్ని ప్రశ్నలు!

“ఆగండి!” ఒక్క గెంతు గెంతి దేవమణి వెనక దాక్కున్నాడు. “అంతా అబద్ధమండీ! పెద్దమామ గోరు తీసుకుంటూ పోయాడు. చిన్నమామ కాపురం దోమతెరలో. ఈ గడ్డం కత్తి భయంతో పెంచా. నా రక్తం గడ్డకట్టదండీ!”

డాక్టరు పట్టకారు దించేశాడు. “బతికించారు! ఈ పన్ను ఇక్కడ ముట్టుకోకూడదు. గుంటూరు పెద్దాసుపత్రిలో, రక్తం ఎక్కించే ఏర్పాటు చూసుకుని పీకిద్దాం. నేనూ తోడొస్తా.”

“జబ్బు కోసమే అడుగుతున్నానని ముందే చెప్పొచ్చుగా డాక్టరుగారూ! నేనింకా పెళ్ళి కోసం అనుకున్నా.”

“పెళ్ళి కోసమేనయ్యా! పన్ను ప్రశ్నలు నేనింకా మొదలే పెట్టలేదు,” అని డాక్టరు కూతురి వైపు తిరిగాడు. “ఏమ్మా, ఇష్టమేనా?”

దేవమణి పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వుతూ తల ఊపింది.

డాక్టరు పట్టకారు ఆమె చేతిలో పెట్టాడు. “అయితే కాపురానికి వెళ్ళేటప్పుడు ఇది పెట్టెలో పెట్టుకెళ్ళమ్మా. చూపిస్తే గాని నిజం చెప్పేట్టు లేడు.”